పిన్ను మారినంత మాత్రాన వోల్టేజీ మారదు

సంపాదకులకు,

సెలవులకు అమెరికా నుంచి వచ్చే పిల్లలు సూట్‌కేసులో మిక్సీయో, కరెంటు కుక్కరో పెట్టుకొస్తారు. దాని చదును పిన్నులు మన సాకెట్‌లో పట్టవు కాబట్టి హార్డ్‌వేర్ షాపులో చిన్న అడాప్టర్ కొని తగిలిస్తారు. చిక్కంతా అక్కడే. ఆ అడాప్టర్ పిన్నును మార్చుతుంది గానీ వోల్టేజీని ముట్టుకోదు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. కాయిల్ మీద వోల్టేజీ దాదాపు రెట్టింపయితే వేడి దాదాపు నాలుగింతలవుతుంది. 500 వాట్ల కుక్కర్ 1,800 వాట్లకు పైగా లాగుతుంది. లోపలి ఫ్యూజు పోయి ఆగిపోతే అదృష్టమే.

జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్ సామాను ఎక్కువ. దుబాయ్‌లో కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). సౌదీ సంగతి వేరు. అక్కడ చాలాకాలం 127 వోల్టులు, 60 హెర్ట్జ్ నడిచింది. అందుకే ఏ దేశానిదని అడగడం కంటే అడుగున అంటించిన పట్టీ చదవడం మేలు. ‘100-240’ అని ఉంటే పిన్ను మారిస్తే చాలు. ‘120’ ఒక్కటే ఉంటే వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎంతది కావాలి? పట్టీ మీద వాట్లు లేకపోతే ఆంపియర్లను 120తో గుణించాలి. 12 ఆంపియర్ల మిక్సీ అంటే 1,440 వాట్లు. మోటారు స్టార్టింగ్‌లో ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి రెట్టింపు, అంటే 3,000 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సైజును వాట్లలాగే చెప్పే లెక్క) తీసుకోవాలి. కాయిల్ సామానుకు ఒకటిన్నర రెట్లు సరిపోతుంది. అరచేతిలో పట్టే ‘1,600 వాట్ల ట్రావెల్ కన్వర్టర్’ను నమ్మొద్దు. అది ఉత్త కాయిల్‌కు కాసేపు పనికొస్తుంది. మోటారుకూ, డిజిటల్ ప్యానెల్‌కూ అది పెట్టొద్దు.

పైన చెప్పిన మిక్సీ మన వైపు నుంచి 6 ఆంపియర్లకు పైనే లాగుతుంది. కాబట్టి 6 ఆంపియర్ల చిన్న సాకెట్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ రెండూ వద్దు. 16 ఆంపియర్ల పవర్ పాయింట్‌కే పెట్టాలి, దానికి కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఉండాలి. అదే లైనులో గీజర్ ఉంటే రెండూ ఒకేసారి వేయొద్దు.

షాపుల్లో దొరికేవాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. వాటిలో తీగ చుట్ట ఒక్కటే, ఇటు సప్లైకీ అటు మిక్సీకీ అదే. లోపల న్యూట్రల్ తెగితే మిక్సీకి నేరుగా 230 వెళ్తుంది. బోర్డులో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే అవుట్‌పుట్ రెండు తీగలూ షాక్ కొట్టేవే. కొనే ముందు ప్లగ్ తీసి మల్టీమీటర్‌తో ఒక్కటి చూడండి: అవుట్‌పుట్ సాకెట్‌లోని ఎర్త్ రంధ్రానికీ ప్లగ్‌లోని లావు పిన్నుకీ కనెక్షన్ ఉందా? లేకుంటే కొనొద్దు. ఇంటికొచ్చాక మిక్సీ తగిలించకుండా అవుట్‌పుట్ కొలవండి. 115-125 మధ్య ఉంటే సరే. మీ ఏరియాలో రాత్రిపూట వోల్టేజీ పెరిగి అవుట్‌పుట్ 126 దాటుతుంటే ముందు స్టెబిలైజర్ పెట్టాలి. సప్లై ఊగిసలాడితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, 60 హెర్ట్జ్ ఇవ్వలేదు. బ్రష్షుల మోటారున్న మిక్సీకి దాంతో పెద్దగా తేడా పడదు. మైక్రోవేవ్ మాత్రం వద్దే వద్దు. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్‌లో వేడెక్కుతుంది. కరెంటు హెర్ట్జ్ లెక్కన నడిచే గడియారమైతే గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది కూడా.

నిజానికి కుక్కర్ లాంటి కాయిల్ సామానుకు ఇంత ఖర్చు దండగ, ఇక్కడిది కొనుక్కోవడమే నయం. మంచి మిక్సీకైతే పెట్టొచ్చు. చిన్న వంటింట్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను సింక్ కింద, గ్యాస్ పొయ్యి పక్కన, మూసిన కబోర్డులో పెట్టొద్దు. చుట్టూ జానెడు ఖాళీ వదలాలి. సన్నగా గుయ్‌మనడం మామూలే, కాలిన వాసన వస్తే మాత్రం గోడ స్విచ్ తీసేయాలి. పని లేనప్పుడూ అది కరెంటు తాగుతూనే ఉంటుంది, కాబట్టి మిక్సీ ఆపాక దాన్నీ ఆపండి.

— ఇంటి వైరింగ్ పనివారు, హన్మకొండ