రొమ్ము తీసేయడం ఒక్కటే దారి కాదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన రొమ్ము క్యాన్సర్ వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లు ఆగాను. "చిన్న వయసులో వస్తే రొమ్ము పూర్తిగా తీయించుకోవడమే క్షేమం" అని అంత తేలిగ్గా ఎలా అచ్చు వేశారు? పైగా హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీని చూసి ధైర్యం తెచ్చుకోమని రాశారు. 2013లో ఆమె చెప్పిన సంగతి వేరు. ఆమెకు క్యాన్సర్ రాలేదు. రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉందని తేలాక, రాకముందే రెండు రొమ్ములూ తీయించుకుంది. తొలిదశలో చిన్న గడ్డ బయటపడ్డ ఆడపిల్లకీ ఆమెకీ పోలిక ఏమిటి?

మా అక్క కూతురికి 31 ఏళ్లకు వచ్చింది. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు ఇంకా లేరు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో శనగగింజంత గట్టిగా చేతికి తగిలింది. మొదట చూపించిన డాక్టరు చెయ్యి పెట్టి కూడా చూడకుండా, "ఈ వయసులో క్యాన్సర్ ఏంటమ్మా, కొవ్వు గడ్డ" అని మాత్రలు రాశారు. నాలుగు నెలలు అలా పోయాయి. తర్వాత పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో స్కానింగ్, సూది పరీక్ష చేసి క్యాన్సరే అన్నారు. అప్పటికీ గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉంది.

ఆపరేషన్ ముందురోజు వరండాలో ఇనప బెంచీ మీద మా పిల్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకతను ఇంగ్లీషు కాగితాలు పట్టుకొచ్చి, దాని తల మీదుగా చెయ్యి చాపి వాళ్ల మామగారికి ఇచ్చాడు. "రొమ్ము తీసేస్తారు, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. ఆయన పెట్టారు. ఆ తర్వాతే పెన్ను దానికిచ్చి, ఇంటూ గుర్తు ఉన్నచోట పెట్టమన్నాడు. ఇంకో దారి ఉందా అని అడగడానికి మాలో ఒక్కరికీ నోరు రాలేదు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠాలు చెప్పిన నాకూ అప్పుడు తెలీదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇటలీలో సర్జన్ ఉంబెర్టో వెరొనేసీ 1973లో, అమెరికాలో సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ 1976లో ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ ఉన్న భాగం మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్లు వాళ్లను కనిపెట్టి చూసి 2002లో ఇద్దరూ లెక్క చెప్పారు. ప్రాణం నిలవడంలో తేడా లేదు! ఫిషర్ లెక్కలో గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వకుండా వదిలేసినవాళ్లలో నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, ఇచ్చినవాళ్లలో 14 మందికే. అంటే రేడియేషన్ మానకూడదు, అంతే.

చిన్న వయసువాళ్లలో అదే రొమ్ములో తిరగబెట్టే అవకాశం పెద్దవాళ్లకంటే ఎక్కువన్నది నిజమే. ఆ మాట దాచమని నేను అనను. గడ్డలు రెండు మూడు చోట్ల ఉన్నా, రొమ్ము సైజుకి గడ్డ మరీ పెద్దదైనా, రేడియేషన్ ఇవ్వడానికి వీల్లేకపోయినా మొత్తం తీయాల్సి రావచ్చు. జన్యులోపం ఉన్నవాళ్ల లెక్క వేరు, అందుకే ఇంత చిన్న వయసులో వచ్చినవాళ్లకు ఆ పరీక్ష చేయించాలి. అన్నీ తెలిశాక కూడా ఒకమ్మాయి "నాకు భయం, తీసేయండి" అంటే అది ఆ అమ్మాయి ఇష్టం. కానీ వయసు చిన్నది కాబట్టి మొత్తం తీసేస్తేనే ఎక్కువ కాలం బతుకుతుందని రాయడం తప్పు.

రొమ్ము నుంచి క్యాన్సర్ ముందుగా పాకే చంకలో గ్రంథుల సంగతీ అంతే. ముందు ఒకటి రెండు గ్రంథులు తీసి పరీక్షించి, వాటిలో క్యాన్సర్ లేకపోతే మిగతావి వదిలేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మా పిల్లకు అన్నీ తీసేశారు. రిపోర్టులో ఒక్కదాంట్లో కూడా క్యాన్సర్ లేదు. ఆ గ్రంథులు పోవడంతో ఇప్పుడు కుడి చెయ్యి వాచిపోతోంది. గాజులు ఎడమ చేతికే వేసుకుంటుంది. అరగంట కత్తెర పడితే వేళ్లు బిగుసుకుపోతాయి.

అన్నిటికంటే నన్ను దహించేది పిల్లల విషయం. కీమో వల్ల అండాశయాలు దెబ్బతినవచ్చని, మొదలుపెట్టక ముందే రెండు వారాల్లో అండాలు తీసి భద్రపరచుకోవచ్చని, కీమో జరిగినన్నాళ్లూ నెలకో ఇంజెక్షన్‌తో అండాశయాలను కాపాడే ప్రయత్నం చేయవచ్చని ఎవరూ చెప్పలేదు. నెలసరి ఆగిపోయాక అడిగితే, "ప్రాణం దక్కింది కదా, ఇంకా పిల్లలేంటి" అన్నారు. జబ్బు తిరగబెట్టకుండా హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు ఐదేళ్లు వాడాలి కాబట్టి ఇక ఆ ఆశ వదులుకోమన్నారు. 42 ఏళ్లు, అంతకు లోపున్న 516 మంది స్త్రీలు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్రలు వాడి, పిల్లల కోసం రెండేళ్ల వరకూ ఆపి చూసిన పరిశోధన 2023లో వచ్చింది. సుమారు మూడేళ్లు గమనించిన మేరకు వాళ్లలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. చాలామంది బిడ్డల్ని కన్నారు. మీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్క లేదు.

"మీది మాచర్ల కదా, రేడియేషన్‌కి రోజూ ఏం తిరుగుతారు, తీసేస్తే ఆ బాధ ఉండదు" అని తర్వాత ఒకరు మాతో అన్నారు. గుంటూరు వెళ్లి రావాలంటే నిజంగానే రోజంతా పోతుంది. బస్సు దూరాన్ని బట్టి ఆడదాని ఒంటి మీద ఏది ఉండాలో తేలుతుందా? ఐదు వారాల రేడియేషన్‌ని మూడు వారాలకు, 15 సార్లకు కుదించి చాలా ఏళ్లయింది. ఒకే వారంలో మొత్తం ఐదుసార్లు ఇచ్చి ముగిస్తే చాలని 2020లో బ్రిటన్‌ నుంచి ఫలితాలు వచ్చాయి. అది ఎవరికి సరిపోతుందో డాక్టర్లు చెప్పాలి. ఆ మూడు వారాలు ఉండటానికి ఒక గది, రెండు పూటలా అన్నం చూపించగలిగితే ఎంతమంది రొమ్ము నిలుస్తుందో అధికారులు ఎప్పుడైనా ఆలోచించారా?

రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని అక్టోబర్ వస్తే గులాబీ బెలూన్లు, గులాబీ టీషర్టులు, ఫ్లెక్సీల మీద నాయకుల ఫొటోలు. 30 దాటిన ప్రతి స్త్రీకీ రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. మా వీధికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త గుమ్మంలోనే నిలబడి "గడ్డలేమన్నా ఉన్నాయా" అని అడిగి, ఆధార్ నంబరు రాసుకుని వెళ్లింది. ఆ పిల్లను అనలేను, ఫోనులో నింపాల్సిన గడులే ఆమెకు సరిపోతాయి. మగవాళ్లు అరుగు మీద కూర్చుని ఉంటే ఏ ఆడది నోరు విప్పి చెబుతుంది?

ఒప్పుకోలు కాగితం తెలుగులో ఉండాలి. దాన్ని రోగి చేతికే ముందు ఇవ్వాలి. రెండు దారులూ, పిల్లల మాటా అందులో రాసి ఉండాలి. ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడానికి రెండు రోజులు గడువివ్వాలి. తొలిదశ క్యాన్సర్‌లో రెండు రోజులు ఆగితే కొంప మునగదు.

సంపాదకుడు గారూ, మీరు వేసింది తప్పని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఎవరైనా క్యాన్సర్ సర్జన్‌తో రెండు వైపులా రాయించండి. మీ వ్యాసం పట్టుకుని ఈపాటికి ఏ ఊళ్లోనో ఒకమ్మాయి తరఫున వాళ్ల మామగారు సంతకం పెట్టేసి ఉండొచ్చు. వచ్చే నెల దాకా ఆగకండి, ఈ వారమే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
మాచర్ల, పల్నాడు జిల్లా