ఇంటిపని సగానికి తగ్గించుకో నాన్నా

తెనాలి,
9 మే 2020

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఫోన్ చేసినప్పుడల్లా "ఒక్క నిమిషం అమ్మా, ఆఫీసు కాల్" అంటావు. ఆ నిమిషం అయ్యేసరికి మాకు ఇక్కడ భోజనాల వేళవుతుంది. అందుకని లాంగ్ నోట్‌బుక్‌లోంచి కాగితాలు చించి రాస్తున్నాను. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో తెలియదు, మీ నాన్న ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతానన్నారు. అక్షరాలు చిన్నగా ఉంటే పెద్దవి చేసుకుని చదువుకో.

మొన్న వీడియోలో మీ వంటిల్లు చూశాను. నువ్వు ఫోన్ పక్కకి తిప్పేలోపే సింకు కనబడింది. తిట్టడానికి రాయడం లేదురా. ముగ్గురు మగపిల్లలు, ముగ్గురికీ ల్యాప్‌టాప్‌లో పొద్దుపోయేదాకా పని, ఇన్నాళ్లూ హాస్టల్లో పళ్లెంలో ముందుకొచ్చిన అన్నం తిన్నవాళ్లు. మార్చిలో కరోనా లాక్‌డౌన్ అని హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమన్నప్పుడు, పోలీసు పాసులు పట్టుకుని బయల్దేరిన పిల్లలంతా ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బండ్ల మీద పడిగాపులు పడుతుంటే టీవీలో చూశాం. నువ్వు వాళ్లలో లేవు, నిజాంపేటలో స్నేహితుడి ఫ్లాటుకి చేరావని తెలిసాకే ఆ రాత్రి మీ నాన్న అన్నం తిన్నారు. ఆ ఫ్లాటు ఇచ్చిన పిల్లాడికి నా తరఫున మళ్లీ థాంక్స్ చెప్పు.

అసలు విషయానికి వస్తాను. మీరు ముగ్గురూ పొద్దున టిఫిను, మధ్యాహ్నం కూర, రాత్రి చపాతీలు అని పెట్టుకున్నారట. మూడు పూటలా వండటం నేనే ఏనాడో తగ్గించాను, మీకెందుకురా? రోజుకి ఒక్కసారే పొయ్యి వెలిగించండి. కుక్కర్లో అడుగున పప్పు గిన్నె, దాని మీద బియ్యం గిన్నె. కందిపప్పు కాసేపు ముందే నానబెడితే గ్యాసు కలిసొస్తుంది. అందులోనే దోసకాయ ముక్కలో తోటకూరో వేసేయండి. చింతపండు మాత్రం పప్పు ఉడికాకే వెయ్యాలి, ముందే వేస్తే ఎన్ని కూతలు వచ్చినా పలుకుగానే ఉంటుంది. మొన్న మీ పప్పు గట్టిగా ఉందన్నావే, దానికి కారణం అదే అయ్యుంటుంది. పైన తేరుకున్న కట్టు కాస్త తీసి చారు పెట్టుకుంటే రాత్రికి కూడా సరిపోతుంది. రాత్రి పెరుగన్నం, వేయించిన అప్పడం. అన్నం మిగిలితే మజ్జిగ పోసి ఉంచండి, పొద్దున ఉల్లిపాయ నంజుకుని తింటే ఈ ఎండలకి అంతకంటే మంచి టిఫిను లేదు. ఇప్పుడు పాలు నాలుగైదు గంటల్లోనే తోడుకుంటాయి, పగలు తోడుపెట్టి మర్చిపోతే పులిసిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు తోడుపెట్టి, లేవగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

తిన్న పళ్లెం తిన్నవాడు అప్పుడే కడగాలి. వండిన గిన్నెలు వండనివాళ్లు కడగాలి. ఈ రెండూ ఒప్పుకుంటే మీలో మీకు గొడవలుండవు. ఇల్లు రోజూ తుడవక్కర్లేదు, ఎవరొస్తున్నారు కనుక? ఊడిస్తే చాలు. దుప్పట్లు వారం కాకపోతే రెండు వారాలకి ఉతుక్కోవచ్చు.

వాట్సాప్‌లో ఫొటోలు చూసి టెన్షన్ పడొద్దు. మీ పిన్ని ఒకరోజు జిలేబీ, ఒకరోజు కేకు, ఇంకోరోజు నురగలు కక్కే ఆ డల్గోనా కాఫీ పెడుతోంది. వాళ్లింట్లో నలుగురు మనుషులున్నారు, దానికి సరదా, చేసుకోనీ. ఎవరో కొత్త భాష నేర్చుకున్నారని, ఎవరో గిటారు పట్టారని నువ్వు దిగులుగా చెబితే నాకు నవ్వొచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, వండుకుని తింటూ, జ్వరం రాకుండా ఉన్నావు. ఈ రెండు నెలల్లో ఏం సాధించావని ఎవరైనా అడిగితే అది చెప్పు.

ఇక్కడి సంగతులు. పనమ్మాయిని మార్చిలోనే రావద్దన్నాం, జీతం మాత్రం నెలనెలా ఇస్తున్నాం. వాళ్లాయన ఆటో తిరగడం లేదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. రేషన్లో బియ్యం, కందిపప్పు వస్తున్నాయి గానీ నూనె, పాలు ఎక్కడినుంచి వస్తాయి? అంట్లు మీ నాన్న తోముతున్నారు. స్టీలు గ్లాసుని వెలుతురుకి పట్టుకుని చూసి, మళ్లీ తోమి, మళ్లీ చూస్తారు. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి, జవాబు సరిచూసుకోనిదే కింద పెట్టరు. పేపరు మానేద్దామంటే ఒప్పుకోలేదు. వాకిట్లో పడిన పేపర్ని ముందు ఎండలో పెట్టి, తర్వాత ఇస్త్రీ పెట్టె వేడి చేసి పేజీ పేజీకీ రుద్ది, అప్పుడు చదువుతారు. కరెంటు బిల్లు వచ్చినప్పుడు చెబుతాను ఆయన సంగతి.

సాయంత్రాలు కాలవగట్టు మీద నడక, స్నేహితులతో కబుర్లు పోయాయి కదా, మొదట్లో రోజంతా నా వెనకే వంటింట్లో నిలబడి "ఉప్పు వేశావా" అని అడిగేవారు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది కూడా. ఇప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయన ముందు వరండా, నేను వెనక గది. పిలిచినా పలకకూడదని ఒప్పందం. చాలా సుఖంగా ఉంది. మీ ముగ్గురికీ ఉన్నది ఒక్క బాల్కనీయే అయినా, వంతులు వేసుకుని ఒక్కొక్కరు ఒంటరిగా కాసేపు కూర్చోండి. ఎంత స్నేహితులైనా ఇరవై నాలుగ్గంటలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు.

టీవీ వార్తలు రోజుకి ఒక్కసారే పెడుతున్నాం, అదీ సాయంత్రం. మొన్న విశాఖలో గ్యాసు లీకు, నిన్న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయి, రైలు కింద నలిగి చనిపోయిన 16 మంది కూలీలు. ఆ పట్టాల మీద రొట్టెలు చెల్లాచెదురుగా పడి ఉండటం చూశాక నాకు ముద్ద దిగలేదు. బండి మీద వచ్చేస్తానని నిన్న నువ్వన్న మాట ఇంకోసారి అనకు. హైదరాబాదూ కరోనా కేసులు ఎక్కువున్న రెడ్ జోనే, మన గుంటూరు జిల్లా కూడా రెడ్ జోనే. ఇక్కడికొచ్చి చేసేదేముంది, క్వారంటైన్లో కూర్చోవడమేగా. బస్సులు తిరిగాక, టికెట్టు కొనుక్కుని, మామూలుగా దిగు.

ఆవకాయ పెట్టాం, చెప్పడం మరిచాను. ఏటా బజార్లో కాయలు కొన్నచోటే కత్తితో కొట్టి ఇచ్చేవాళ్లు, ఈసారి రైతుబజారు స్కూలు గ్రౌండులోకి మార్చారు, సున్నంతో గీసిన గళ్లలో నిలబడి కాయలు తెచ్చుకోవడమే గొప్ప. మీ నాన్న పెరట్లో కత్తిపీట వేసుకుని కొట్టారు. ప్రతి ముక్కకీ టెంక ఉండాలని నేను, అలా అయితే ముక్కలు సమానంగా రావని ఆయన. జీడి తీసి, లోపలి పొర గుడ్డతో తుడిచి ఆరబెట్టేసరికి మధ్యాహ్నమైంది. గుంటూరు మిర్చి యార్డు మూతపడే ముందే పోయిన నెలల్లో తెచ్చి దంచిన కారం ఉండబట్టి సరిపోయింది. మిల్లు లేక ఆవపిండి మిక్సీలోనే పట్టాను. మూడో రోజు తిరగకలిపాను, నూనె పైకి తేలింది. ఉప్పు కాస్త ముందుకే ఉంది, ఊరితే సర్దుకుంటుంది.

జీతంలో కోత పెట్టారని మీ అక్క చెప్పింది. ఈ నెల నుంచి మాకు డబ్బు పంపకు. మార్చి పెన్షన్ సగమే పడినా ఈ నెల మొత్తం పడింది, మాకు ఖర్చులూ లేవు. చదువు అప్పు వాయిదాలు మే దాకా కట్టకపోయినా పర్వాలేదని రిజర్వ్ బ్యాంకు అంది కదా అని ఆపావట. ఆపితే వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుందని మీ నాన్న లెక్క వేసి చూపించారు. మాకు పంపే డబ్బు అందులో కట్టు. కుదరకపోతే మాకు చెప్పు, మేమే కడతాం. అక్కకి చెప్పి నా దగ్గర దాచకు.

ఉంటాను మరి.

మీ అమ్మ

తా.క.: నీ ఆఫీసు వాళ్లిచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఫొటో నాన్నకి పంపమని ఎన్నిసార్లు అడిగాను? ఇది చదవగానే పంపు. మిగతా ఇద్దరు పిల్లల అమ్మల ఫోన్ నంబర్లు కూడా.