పికప్ బండ్ల కమాన్ కట్టలపైనా దృష్టి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం నుంచి కొబ్బరికాయలు తోలే పికప్ బండి యజమానిని నేను. అధిక లోడు మీద పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి గానీ, ఆ లోడును కంటికి కనబడకుండా దాచేస్తున్న కమాన్ కట్టల (ఇరుసు మీద బండి బరువును మోసే ఇనుప స్ప్రింగు పట్టీల) గురించి ఎవరూ రాయడం లేదు. ఆ తప్పు నేనూ చేశాను కనుక, తెలిసిన మేరకు చెప్పాలనుకుంటున్నాను.

పికప్ బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉండడం లోపం కాదు. ఇంజను బరువు ఎప్పుడూ ముందు ఇరుసు మీదే ఉంటుంది కనుక అక్కడ ఎత్తు పెద్దగా మారదు. లోడు దాదాపు అంతా వెనుక ఇరుసు మీద పడుతుంది కనుక, సరుకు ఎక్కాక బండి సమంగా నిలబడేలా వెనుక కట్టలను ముందే ఎత్తుగా అమరుస్తారు. నా బండిని సిమెంటు గచ్చు మీద నిలిపి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు ముందుకన్నా వెనుక 8 సెంటీమీటర్లు ఎత్తు వచ్చింది. ఆర్‌సీ ప్రకారం నేను వేయదగిన 1,500 కిలోలు వేశాక ఆ తేడా దాదాపు పోయింది. ఒలిచిన కాయ అర కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది గనుక, 3,000 కాయలతో ఆ లెక్క సరిపోతుంది. కానీ కిరాయి కాయల లెక్కన ఇస్తారు కాబట్టి, మాలో చాలామంది 4,000కు తగ్గరు. అప్పుడు అదే టేపు వెనుక భాగం ముందుకన్నా 7 సెంటీమీటర్లు కిందికి దిగిందని చూపించింది.

అంటే ఖాళీ బండితో పోలిస్తే వెనుక భాగం మొత్తం 15 సెంటీమీటర్లు కుంగిందన్నమాట. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 3 మీటర్లు కనుక, హెడ్‌లైటు వెలుగు ప్రతి మీటరుకూ 5 సెంటీమీటర్ల చొప్పున పైకి లేచి, 20 మీటర్ల దూరంలో ఉండవలసిన చోటుకన్నా మీటరు ఎత్తున పడుతుంది. డిమ్‌లో పెట్టినా ఎదురుగా మోటారు సైకిలు మీద వచ్చేవాడి కళ్లలోకే కొడుతుంది. స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలతో కనిపించే చిన్న మీట ఆ వెలుగును కిందికి దించడానికే ఉంది గానీ, దాన్ని ముట్టుకున్న డ్రైవర్లు అరుదు. నేనూ నాలుగేళ్ల పాటు ముట్టుకోలేదు. వెలుగు సంగతి అలా ఉంచితే, సరుకంతా వెనుక డోరు వైపు పేర్చినప్పుడు ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

ఈ కుంగుడు పోగొట్టడానికి కమాన్ కట్టల షాపులో రెండు వైపులా రెండేసి కట్టలు అదనంగా ఎక్కించుకున్నాను. ఆ తరువాత 4,000 కాయలు వేసినా బండి ఖాళీగా ఉన్నట్టే వెనుక ఎత్తుగా నిలబడింది. చూసేవారెవరికీ అనుమానం రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఒక వాన రోజున పలాస దాటాక తీరింది. సర్వీసు రోడ్డు నుంచి ఆటో ఒకటి అడ్డుగా వచ్చింది. బ్రేకు తొక్కితే బండి ముక్కు నేలకు వంగిందే తప్ప వెనుక నుంచి పట్టు రాలేదు. ఆటోకు జానెడు దూరంలో ఆగాను. తరువాత చూపిస్తే ఒక మెకానిక్ బండి కిందికి దూరి, వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ (బండి అడుగు చట్రానికీ) మధ్య ఉన్న సన్నటి కడ్డీని వేలితో కదిపి చూపించాడు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు జామ్ కాకుండా చూసే ఏర్పాటు) లేని చాలా పికప్‌లలో ఆ కడ్డీ లోడ్ సెన్సింగ్ వాల్వ్‌కు తగిలించి ఉంటుంది. బండి ఎంత కుంగితే వెనుక బ్రేకులకు అంత ఒత్తిడి వదలడం, ఖాళీగా ఎత్తులో ఉంటే చక్రాలు జామ్ కాకుండా ఒత్తిడి తగ్గించడం దాని పని. దానికి బరువు తెలియదు, ఎత్తు ఒక్కటే తెలుసు. "కట్టలు పెంచేశారు కదా బాబూ, ఇది బండి ఇంకా ఖాళీగానే ఉందనుకుంటోంది" అన్నాడాయన. రెండు టన్నుల సరుకుతో నేను ఖాళీ బండి బ్రేకుల మీద తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది.

దీనికి కొందరు చేసే వైద్యం మరీ ఘోరం. ఆ కడ్డీని పైకి లాగి ఇనుప తీగతో కట్టేస్తారు. అప్పుడు వెనుక బ్రేకులకు ఎల్లవేళలా పూర్తి ఒత్తిడి అందుతుంది. సరుకు దించి ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు జామై బండి గిరుక్కున తిరుగుతుంది. పైగా కట్టలు ఎన్ని వేసినా ఇరుసు, టైర్లు, బేరింగులు, ఛాసిస్ పాతవే. అవి మోయగల బరువు పెరగదు.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టంలో బండి మార్పులకు సెక్షన్ 52, దాన్ని మీరిన యజమానికి మార్పు ఒక్కింటికి రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, లేదా రెండూ గానీ విధించే సెక్షన్ 182ఎ ఉన్నాయి. అధిక లోడుకు సెక్షన్ 194 కింద రూ.20,000, దానికి తోడు పరిమితి మించిన ప్రతి టన్నుకూ రూ.2,000 జరిమానా ఉంది. అయితే ఎనిమిదేళ్ల లోపు బండిని రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్‌కు ఖాళీగానే తీసుకెళ్తాం. అక్కడ కట్టలు లెక్కపెట్టినవారినీ, ఆ కడ్డీకి తీగ కట్టి ఉందా అని వంగి చూసినవారినీ నేను ఇంతవరకు చూడలేదు. బండి మోడల్‌కు కంపెనీ ఇచ్చిన కట్టల సంఖ్య, వాల్వ్ కడ్డీ స్థితి తనిఖీలో చేర్చాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రవాణా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇందుకు యంత్రమేమీ అక్కర్లేదు, టార్చిలైటు చాలు. కిరాయిని కాయల లెక్కన కాక ట్రిప్పు లెక్కన కట్టమని వర్తకులనూ అడుగుతున్నాను. కట్టలు ఎక్కించే షాపువారిని ఒక్కరినీ నిందిస్తే సరిపోదు, అడిగి ఎక్కించుకున్నది మేమే.

నా బండికి పెట్టిన కట్టలు తీయించి, వాల్వ్ సరిచేయించుకున్నాను. ఇప్పుడు 3,000 కాయలకు మించి వేయడం లేదు, మిగిలినవాటికి రెండో ట్రిప్పు తిరుగుతున్నాను. తీసేసిన నాలుగు కట్టలూ పెరట్లో, గాలికి లేచిపోకుండా మట్టల కుప్ప మీద బరువుగా పెట్టి ఉన్నాయి.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా