పండు లేని ఆపిల్ పై అమ్మకం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన 18 కుటుంబాలకు, ఆ రోజు వచ్చి కొన్నవారందరికీ నమస్కారం. మన వారాంతపు తెలుగు బడికి పుస్తకాలు కొనడానికి మార్చి 14న, ఇక్కడ అమెరికా బడుల్లో ‘పై డే’ (3/14 తేదీ గణితంలోని పై విలువ 3.14ను పోలినందుకు) జరుపుకునే శనివారం, పెట్టిన మాక్ (ఉత్తుత్తి) ఆపిల్ పై అమ్మకం లెక్క ఇది. పై అంటే పిండి పొరల మధ్య పండు పెట్టి ఓవెన్లో కాల్చే తీపి వంటకం; ఇందులో ఆపిల్ బదులు ఉప్పు క్రాకర్లు, పుల్లని చక్కెర పాకం ఉంటాయి. ధరలన్నీ డాలర్లలో, పన్నుతో కలిపి. రసీదు లేని ఖర్చు ఒక్కటీ ఇందులో రాయలేదు. ఉప్పు, ఐసు, వంట గిన్నెలు ఇళ్ల నుంచి వచ్చాయి, వాటికి వెల కట్టలేదు.

జమ

చందాలు, 18 కుటుంబాలు, ఒక్కొక్కరు 10 చొప్పున: 180.00
పూర్తి పైలు 9, ఒక్కోటి 16 చొప్పున: 144.00
ముక్కలు 84, ఒక్కోటి 3 చొప్పున: 252.00
టీ 63 కప్పులు, ఒకటిన్నర చొప్పున: 94.50
విరాళాల డబ్బాలో పడినవి: 37.00
మొత్తం జమ: 707.50

ఖర్చు

రిట్జ్ క్రాకర్లు (ఉప్పు బిస్కెట్లు), 8 పెట్టెలు: 34.32
చక్కెర, 25 పౌన్ల సంచి: 18.49
మైదా, 5 పౌన్లవి 4: 12.76
ఉప్పు లేని వెన్న, 14 పౌన్లు: 55.86
క్రీం ఆఫ్ టార్టార్ (వంటల్లో వాడే పుల్లని తెల్ల పొడి): 22.97
నిమ్మకాయలు, 3 సంచులు: 13.47
దాల్చినచెక్క పొడి: 3.29
9 అంగుళాల రేకు పళ్లేలు 30: 17.97
అట్టపెట్టెలు 10: 8.99
కప్పులు, పేపరు ప్లేట్లు, ఫోర్కులు, నాప్కిన్లు: 21.60
టీ పొడి, పాలు, అల్లం: 19.83
హాలు వంటగది అద్దె, 5 గంటలు: 100.00
కౌంటీ ఒకరోజు అనుమతి: 35.00
ఓవెన్ థర్మామీటర్లు 2: 13.00
లేబుళ్లు, బోర్డు ముద్రణ: 8.12
మొత్తం ఖర్చు: 385.67

నిల్వ 321.83. ఇందులో 290 బ్యాంకులో వేశాం, 31.83 కోశాధికారి చేతిలో ఉంది. హాలుకు కట్టిన 50 డిపాజిట్ మర్నాడే తిరిగొచ్చింది కాబట్టి రెండు వైపులా చూపలేదు.

24 పైలు చేస్తే 20కే డబ్బెందుకు వచ్చిందని అడుగుతారు. మూడు చెడిపోయాయి, ఒకటి రుచి చూపడానికి చిన్న ముక్కలుగా కోశాం. మిగిలిన 20లో 9 పూర్తిగా అమ్మాం. 11 పైలను ఎనిమిదేసి ముక్కలు చేస్తే 88 అయ్యాయి, కోతలో 4 విరిగాయి. విరిగినవి అమ్మలేదు.

చెడిన మూడింటి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు కొలతలో లేదు, గిన్నెలో ఉంది. ఒక పైకి పాకం లెక్క ఇది: నీళ్లు ఒకటిముప్పావు కప్పు, చక్కెర 2 కప్పులు (400 గ్రాములు), క్రీం ఆఫ్ టార్టార్ 2 టీస్పూన్లు. మరుగు పట్టాక సన్నని సెగ మీద 15 నిమిషాలు. మొదటి విడతలో మూడు పైల పాకం ఒకే పెద్ద గిన్నెలో పెట్టి అదే 15 నిమిషాలు మరిగించారు. సరుకు మూడింతలైతే ఆవిరయ్యే నీరు మూడింతలు కాదు. పాకం పలచగా మిగిలింది, అడుగు పిండి పచ్చిగా ఉండిపోయింది. తర్వాత ఒక పైకి విడిగా పాకం చేసి, ముందూ వెనకా తూచి, ఎంత బరువు తగ్గిందో చూశాం. పెద్ద గిన్నెలో దానికి మూడు రెట్లు తగ్గేదాకా ఉంచాం, గడియారం చూడలేదు. ఆ తర్వాత ఒక్కటీ చెడలేదు. ఈ పాఠం ఖరీదు సుమారు 20 డాలర్లు.

చక్కెర కరిగాక గరిటె పెట్టకూడదు. గిన్నె అంచున అంటుకున్న పలుకులు లోపల పడితే చల్లారాక పాకం ఇసుకలా తయారవుతుంది. తడి బ్రష్‌తో అంచులు తుడిస్తే చాలు. క్రీం ఆఫ్ టార్టార్ చేసే పనుల్లో ఒకటి ఇదే: చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి పలుకు కట్టనివ్వదు. రెండోది పులుపు. ఆపిల్‌లో ఉండేది మాలిక్ ఆమ్లం, ఇది టార్టారిక్ ఆమ్లపు లవణం. మన చింతపండు పులుపూ ఆ టార్టారిక్ ఆమ్లానిదే. దీని బదులు వంటసోడా వేయవచ్చా అని ఇద్దరు అడిగారు. వేయకూడదు, అది పులుపును చంపేస్తుంది.

పాకం దించి 2 టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, ఒక నిమ్మకాయ తొక్క తురుము కలిపి అరగంట ఆరనివ్వాలి. ఈలోగా అడుగు పిండి పరిచిన పళ్లెంలో 36 క్రాకర్లను పెద్ద తునకలుగా విరిచి వేయాలి. పొడి చేస్తే లోపల హల్వా అవుతుంది, ఆపిల్ ముక్క అనిపించదు. పాకంలో వేసి ఉడికించినా అంతే. ఆరిన పాకం పైనుంచి పోసి, 2 టేబుల్‌స్పూన్ల వెన్న చిన్న ముక్కలుగా, అర టీస్పూను దాల్చినచెక్క పొడి చల్లి, పైపొర మూసి గాట్లు పెట్టాలి. 425 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 30 నుంచి 35 నిమిషాలు. రేకు పళ్లేలు పలచన, అడుగు కాలదు. అందుకే ఓవెన్‌లో ముందే వేడెక్కిన ఇనుప ట్రే మీద పెట్టాం. హాలు ఓవెన్లలో ఒకటి మీట మీద చూపినదానికన్నా తక్కువ వేడెక్కేది, థర్మామీటర్లు కొన్నది అందుకే. పూర్తిగా చల్లారకముందు కోస్తే పాకం కారిపోతుంది, విరిగిన 4 ముక్కలూ తొందరపడి కోసిన పైలవే.

క్రాకర్లను లెక్కపెట్టే బదులు తూచాం, పైకి 115 గ్రాములు. పెట్టెకు మూడు పైలు వస్తాయి, గుప్పెడు మిగులుతాయి, అవి టీ దగ్గర పెట్టాం. మారీ బిస్కెట్లతో చవగ్గా పోయేది కదా అన్న మాట వచ్చింది. తీపి బిస్కెట్ పాకంలో ముద్దవుతుంది. పొరలుపొరలుగా, ఉప్పగా, నూనెతో ఉండే క్రాకరే నిలుస్తుంది. ఇండియాలో ఇంటివాళ్ల చేత చేయించాలనుకుంటే మొనాకో లాంటి ఉప్పు బిస్కెట్‌తో మొదలుపెట్టండి.

ఇక ‘ఆపిల్ కొనలేక ఇలా చేశారా’ అన్నవారికి. సరుకుల ఖర్చు (పద్దులో క్రాకర్ల నుంచి దాల్చినచెక్క దాకా) 161.16, అంటే పైకి 6.72. అందులో మూడోవంతుకు మించి వెన్నదే. క్రాకరు, చక్కెర, టార్టార్, నిమ్మ కలిపి పైకి 3.72. మేం చూసిన కొట్లో పౌను 1.79 చొప్పున మూడు పౌన్ల ఆపిల్ 5.37 అయ్యేది. ఆదా ఉందిగానీ, కొండంత కాదు. ఇది కరువు వంట అన్న పేరు ఉన్నా, వెన్న పిండితో చేస్తే కరువు తగ్గినట్టే లెక్క. 1930ల ఆర్థిక మాంద్యంలో పుట్టిందనీ అంటుంటారు. రిట్జ్ వచ్చింది 1934లో, దాని పెట్టె మీద ఈ వంటకం చాలా ఏళ్లు అచ్చయింది. కానీ అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో రిచ్‌మండ్‌లో అచ్చైన ఒక వంటల పుస్తకంలోనే ఆపిల్ లేని ఆపిల్ పై ఉంది: నానిన క్రాకర్లు, టార్టారిక్ ఆమ్లం, చక్కెర, వెన్న, కాస్త జాజికాయ. అందులో నిమ్మకాయ కూడా లేదు.

నిమ్మకాయ పండు కాదా, పండు లేదని ఎలా అమ్మారని అడిగినవారి మాట న్యాయమే. బోర్డును మధ్యాహ్నానికి ‘ఆపిల్ లేదు, నిమ్మరసం ఉంది’ అని మార్చాం. లేబుల్ మీద గోధుమ, సోయా, పాలు ఉన్నాయని, గుడ్డు లేదని ఉదయం నుంచీ ఉంది.

క్రీం ఆఫ్ టార్టార్ పద్దులో దుబారా మాదే. ముందు మసాలా వరసలో 42 గ్రాముల సీసాలు రెండు, 5.49 చొప్పున తెచ్చాం. 24 పైలకు కావలసింది సుమారు 165 గ్రాములు. తర్వాత పౌను ప్యాకెట్ 11.99కే దొరికింది. మొదటి 10.98 అనవసరం.

ముక్కలుగా కోస్తే పైకి 24, పూర్తిగా ఇస్తే 16. అయినా అన్నీ ముక్కలు చేయకపోవడానికి కారణం చేతులు చాలకపోవడం. మళ్లీ చేస్తే పూర్తి పై ధర 18 ఉండాలని మా అభిప్రాయం.

మిగిలిన సరుకు: క్రీం ఆఫ్ టార్టార్ సుమారు 375 గ్రాములు, మైదా కిలోన్నరకు కాస్త తక్కువ, రేకు పళ్లేలు 6, అట్టపెట్టె 1, థర్మామీటర్లు 2. మిగిలిన చక్కెర టీకి వాడగా కొంచెం ఉంది. ఇవన్నీ బడి అలమరలో పెట్టాం. తాళంచెవి కోశాధికారి దగ్గర ఉంది, రసీదుల కట్ట కూడా అక్కడే, వచ్చే రెండు శనివారాలు తరగతి తర్వాత ఎవరైనా చూడవచ్చు.