బిరుదు సరే, బత్తెం మాటేమిటి?

సంపాదకుడు గారికి,

జానపద కళాకారులను ఆదుకోవాలనే మాట వచ్చినప్పుడల్లా మన చర్చ శాలువా దగ్గర మొదలై పింఛను దగ్గర ఆగిపోతోంది. వాళ్లకు వారం వారం పని ఎవరిస్తారన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. నేనుండే అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టిన, బాంజో అనే తీగల వాద్యంలో విద్వాంసుడైన ఎర్ల్ స్క్రగ్స్ సంగతి అందుకే రాస్తున్నాను.

1924లో ఫ్లింట్ హిల్ అనే పల్లెలో, రైతు ఇంట్లో పుట్టారాయన. నాలుగేళ్లకే తండ్రి పోయారు. యుద్ధం రోజుల్లో దారం మిల్లులో పనిచేశారు. మూడు వేళ్లతో బాంజో మీటడం ఆ ప్రాంతంలో అంతకుముందే ఉంది. దానికి ఆ వేగం, ఆ స్పష్టత తెచ్చింది ఈయన. బాంజోలో ఐదో తీగ పొట్టిది, దాని బిరడ మెడ మధ్యలో పక్కకు ఉంటుంది. బొటనవేలు మాటిమాటికీ ఆ తీగ మీదికి వచ్చి పోతుంటే, కింద పాట ఎటు పరుగెత్తినా పైన ఒకే స్వరం మోగుతూ ఉంటుంది. 1945 డిసెంబరులో గాయకుడు బిల్ మన్రో బృందంతో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో సంగీత కార్యక్రమం వేదికెక్కి ఆ వాయింపుతో జనాన్ని ఊపేశారు.

అంత ప్రతిభ ఉన్నా ఇల్లు గడిచింది చప్పట్లతో కాదు. 1948లో ఆ బృందం నుంచి బయటికొచ్చి గిటారు వాయించే లెస్టర్ ఫ్లాట్‌తో సొంత బృందం పెట్టారు. 1953 నుంచి మార్తా వైట్ అనే పిండి కంపెనీ తెల్లవారుజామున రేడియోలో వారి కార్యక్రమానికి డబ్బు పెట్టింది. తర్వాత టీవీ వచ్చింది. వారమంతా ఊరూరూ తిరిగి స్టూడియోల్లో ప్రత్యక్షంగా వాయించేవారు. కచేరీలు కుదర్చడం, బేరాలాడటం భార్య లూయిస్ చూసుకున్నారు. ఆ రంగంలో ఆడవాళ్లు మేనేజర్లుగా ఉండటం అరుదైన కాలమది! నన్నడిగితే ఆయన వేళ్లకు ఎంత పేరుందో ఆవిడ లెక్కల పుస్తకానికీ అంత ఉండాలి. జాతీయ కళా పతకం 1992లో వచ్చింది. అప్పటికాయనకు 68 ఏళ్లు. అది రాకపోయినా ఆయన పస్తుండే పరిస్థితి లేదు.

మన కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ఆయన కూలి పనిలో కనిపించారని పత్రికల్లోనే చదివాం.

ఆకాశవాణి, సాంస్కృతిక శాఖలు ఏడాదికోసారి ఉత్సవం పెట్టి ఊరుకోకుండా, జిల్లాకో వారపు కార్యక్రమం నడపాలి. పారితోషికం ముందే ప్రకటించి, వాయించిన రోజే చేతికివ్వాలి. వ్యాపార సంస్థలను కూడా ఇందులోకి తేవచ్చు. పిండి అమ్ముకునేవాళ్లు చేసిన పని మన నూనె, మసాలా కంపెనీలకు భారమేం కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
షార్లెట్, నార్త్ కరోలినా