ఉత్తుత్తి కుస్తీ గురించి నాన్నగారికి

ఎడిసన్, న్యూజెర్సీ
12 నవంబరు 2024

పూజ్యులైన నాన్నగారికి, మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. గుంటూరులో మీరూ అమ్మా క్షేమంగా ఉన్నారని, మీ మోకాలి నొప్పి ఈ చలికాలంలో మరీ ఎక్కువ బాధ పెట్టడం లేదని తలుస్తాను.

మొన్న ఆదివారం ఫోనులో మీ మనవడు నోరు జారి, "తాతయ్యా, నిన్న అమ్మా నేనూ కుస్తీ చూడటానికి వెళ్లాం" అన్నాడు. మీరు కాసేపు ఏమీ అనకుండా ఊరుకుని, ఆ తరువాత "ఇంత చదువూ చదివి ఆ ఉత్తుత్తి కుస్తీలు చూడటమేమిటే అమ్మడూ" అన్నారు. ఫోనులో మీకు సరిగా వినిపించదు, వినిపించేట్టు మాట్లాడితే ఇక్కడ పక్కింటివాళ్లు మనం పోట్లాడుకుంటున్నామని అనుకుంటారు. అందుకని తీరిగ్గా ఈ ఉత్తరం రాస్తున్నాను. దాచి లాభం లేదు కాబట్టి చెబుతున్నాను, రెండేళ్లుగా నెలకో రెండు నెలలకో ఒకసారి ఇలా వెళుతూనే ఉన్నాను. మీ అల్లుడుగారు ఒకే ఒక్కసారి వచ్చి, అరగంట కూర్చుని, కారులోకి వెళ్లి నిద్రపోయారు.

మీరన్న మాట నాకు కొత్తది కాదు. 1998లో అండర్‌టేకర్ అనే అమెరికా కుస్తీ వీరుడి బొమ్మ ఉన్న ముక్క కోసం నేనూ తమ్ముడూ వరండాలో జుట్లు పట్టుకుంటే, మీరు ఆ ట్రంప్ కార్డుల కట్ట మొత్తం లాక్కుని హార్మోనియం పెట్టె వెనక పడేసి, "బలమంటే మన కోడి రామమూర్తి నాయుడు గారిది, వీరఘట్టంలో పుట్టి గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి, వీళ్లు వట్టి వేషగాళ్లు" అన్నారు. ఏటా చలికాలమంతా దుర్యోధనుడి వేషం కట్టే మనిషి నోట వేషగాళ్లన్న మాట తిట్టుగా రావడం ఆ పదేళ్ల వయసులోనే నాకు వింతగా తోచింది గానీ, మీ ఎదుట అనే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఎనిమిది వేల మైళ్ల దూరం ఉంది కాబట్టి అంటున్నాను.

ఇది ముందే కుదుర్చుకున్న ఆట అన్న సంగతి ఇక్కడ ఎవరికీ రహస్యం కాదు. నేనుంటున్న ఈ న్యూజెర్సీ రాష్ట్రపు సెనేట్‌కే 1989లో అన్నిటికన్నా పెద్ద కుస్తీ కంపెనీ వారు, తమది క్రీడ కాదనీ, ప్రేక్షకుల వినోదం కోసం చేసే ప్రదర్శన మాత్రమేననీ స్వయంగా చెప్పుకున్నారు. క్రీడల నియంత్రణ సంఘం పెత్తనమూ, పన్నూ తప్పించుకోవడానికి అలా ఒప్పుకున్నారు. అంతకుముందు దశాబ్దాల పాటు ఆ సంగతిని ప్రాణంతో సమానంగా దాచుకున్నారు. ఆ దాపరికానికి వాళ్ల భాషలో కేఫేబ్ అని పేరు. హరిశ్చంద్రుడు సత్యం కోసం ఆలిని అమ్ముకుంటే, వీళ్లు పన్ను తప్పుతుందంటే సత్యం చెప్పారు. ఆ మాటకొస్తే మీ చిన్నప్పుడు పెద్దవాళ్లు కథలు కథలుగా చెప్పిన దారాసింగ్, కింగ్ కాంగ్ అనే మల్లయోధుల పోటీలు కూడా ఈ జాతివేనట. అదే దారాసింగ్ తరువాత టీవీ రామాయణంలో హనుమంతుడై వస్తే మీరు ఆదివారం పొద్దున్నే స్నానం చేసి కూర్చున్నారు కదా!

తమ్ముడు నిరుడు సెప్టెంబరు 8న హైదరాబాదు వెళ్లి గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా కుస్తీ చూసి వచ్చాడే, అది పెద్ద కంపెనీ వారి ఆర్భాటం. నేను వెళ్లేది అటువంటిది కాదు. దీన్ని ఇండిపెండెంట్ అనీ, ముద్దుగా ఇండీ అనీ అంటారు. మాజీ సైనికుల సంఘం వారి హాలు ఒకటి అద్దెకు తీసుకుని, మధ్యలో రింగు నిలబెట్టి, చుట్టూ మడత కుర్చీలు వేస్తారు. శనివారం రాత్రి మహా అయితే రెండు వందల మందిమి ఉంటాం. టికెట్టు 25 డాలర్లు, రెండో వరసలో కుర్చీ. ఒక మూల పాప్‌కార్న్, ఇంకో మూల మల్లయోధులే బల్లలు వేసుకుని తమ బొమ్మలున్న టీ షర్టులు అమ్ముకుంటూ ఉంటారు. మనం తొందరగా వెళితే, కాసేపటి తరువాత ఒకరినొకరు విసిరికొట్టుకోబోయే ఆ మనుషులే తాళ్లు బిగిస్తూ, చెక్కలు మోస్తూ, కుర్చీలు సర్దుతూ కనిపిస్తారు. మీ నాటక సమాజం వాళ్లంతా కలిసి లారీలోంచి తెరలు దింపిన దృశ్యమే నాకు గుర్తుకు వచ్చింది.

రింగు అంటారే గానీ అది నలుచదరం. పెద్ద కంపెనీ వారిది పక్కకు 20 అడుగులుంటే, ఇటువంటి చోట్ల 16 అడుగులో 18 అడుగులో ఉంటుంది. నాలుగు ఇనుప స్తంభాలు, అడుగున ఇనుప దూలాలు, వాటి మీద వరసగా పరచిన చెక్కలు, ఆ చెక్కల మీద అంగుళం మందం ఫోము, పైన లాగి కట్టిన కాన్వాసు గుడ్డ. టీవీలో చూసి అదేదో పరుపనుకుంటాం. రెండో వరసలో కూర్చుంటే తెలుస్తుంది, మనిషి పడినప్పుడల్లా ఖాళీ గాదెను రోకలితో మోదినట్టు మోగుతుంది, ఆ అదురు మన కుర్చీ కాళ్లలోకి వస్తుంది. వాళ్లకు మొట్టమొదట నేర్పేది పడటమే. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి, తల నేలకు తగలకుండా కాచుకుని, వీపు పైభాగమంతా ఒక్కసారిగా ఆనేట్టు పడుతూ రెండు చేతులూ చాచి చెక్కను చరుస్తారు. దెబ్బ ఒక్కచోట నిలవకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. దీన్ని బంప్ అంటారు. చాచిన చేత్తో రొమ్ము మీద కొట్టే దెబ్బ ఒకటుంది, చాప్ అంటారు. శనివారం నాడు ఒక కుర్రాడు తాళ్లకు ఆనుకుని మా ఎదురుగా నిలబడితే, అతని రొమ్ము మీద ఐదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు కనిపించాయి. కాసేపటికి ఆ అచ్చు మీద సన్నటి చుక్కలుగా నెత్తురు పొడిచింది. మీ మనవడు "అమ్మా, ఇది కూడా ఉత్తుత్తేనా" అని అడిగాడు. ఎవరు గెలుస్తారన్నది ముందే అనుకోవచ్చు గానీ, చెక్క మీద పడకుండా పడే ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఇక అసలు చెప్పదలచినది ఆ రాత్రి మూడో పోటీ సంగతి. మంచివాడి వేషం కట్టినవాణ్ని వీళ్లు బేబీఫేస్ అంటారు, దుష్టపాత్రను హీల్ అంటారు. హీల్ అంటే మడమ. ఆ పేరెందుకు వచ్చిందోగానీ, తొక్కించుకోవడానికే ఉన్నవాడని నేను అర్థం చెప్పుకున్నాను. ఆ రోజు హీల్ యాభై దాటిన మనిషి. బొజ్జ, బంగారు రంగు అంగరఖా, ఎడమ మోకాలికి తెల్ల పట్టీ. అతను తెర తీసుకుని వచ్చీ రావడంతోనే ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మగారి చేతిలోని పాప్‌కార్న్ వాసన చూసి మొహం చిట్లించాడు, అంతే, హాలంతా ఒక్క గొంతుతో "బూ" అని లేచింది. పోటీ మొదలయ్యాక మొదటి ఐదు నిమిషాలూ అతను ఎదుటివాణ్ని తాకనే లేదు. తాకబోతే తాళ్ల సందులోంచి బయటికి జారుకోవడం, రిఫరీ వెనక దాక్కోవడం, ఇటు తిరిగి మమ్మల్ని తిట్టడం. కండ కదపకుండా రెండు వందల మందికి రక్తం మరిగించాడు. నన్నడిగితే కష్టమైన విద్య అదే. గాలిలో పిల్లిమొగ్గలు కుర్రాళ్లెవరైనా నేర్చుకోగలరు.

ఎదుటి కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. రింగు మూలన పై తాడు ఎక్కి, వెనక్కి పల్టీ కొట్టి ఆ పెద్దమనిషి మీద పడాలి. కాలు పైకి లేచేటప్పుడు బూటు అంచు తాడుకు తగులుకుంది. అతను తిరగవలసినంత తిరగకుండానే మెడా భుజమూ కలిసే చోట ఆనుకుని పడ్డాడు. చప్పుడు వేరుగా వచ్చింది. గాదె మోగినట్టు కాక, మూట జారవిడిచినట్టు. రిఫరీ వంగి చెవిలో ఏదో అడిగి, లేచి, తన రెండు చేతులనూ తలపైన గుణకారపు గుర్తులా అడ్డంగా పెట్టాడు. అది నిజంగా దెబ్బ తగిలిందని తెర వెనక వారికి ఇచ్చే సంకేతం. కథ కోసమే ఆ సంకేతం వాడిన సందర్భాలూ ఉన్నాయి గానీ, ఆ రిఫరీ ముఖం చూసినవారెవరికీ అనుమానం రాలేదు. అప్పటిదాకా గొంతులు చించుకున్న హాలు చల్లబడిపోయింది.

అప్పుడు ఆ హీల్ చేసిన పని చూడండి. ఒక్క క్షణం మోకాలి మీద కూర్చుని కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు. మేము చూశామని గ్రహించాడేమో, వెంటనే చెయ్యి వదిలి, లేచి, రింగుకు అవతలి పక్కకు వెళ్లి మైకు లాక్కుని ఆ ఊరిని తిట్టడం మొదలుపెట్టాడు. ఈ ఊళ్లో పిజ్జా పశువులు కూడా తినవన్నాడు. ఈ హాలులో పళ్లన్నీ లెక్కపెట్టినా ఒక పూర్తి వరస రాదన్నాడు. కాసేపటి క్రితం పాప్‌కార్న్ అమ్మగారిని పట్టుకుని, ఆవిడ కూడా రింగులోకి వస్తే పోటీ కాస్త రక్తి కట్టేదన్నాడు. ఆవిడ లేచి నిలబడి చేతి కర్ర ఝళిపించింది. జనమంతా అటు తిరిగి కేకలు వేస్తూ ఉండగా, ఇటు మూలన వైద్య సహాయకులు కుర్రాడి మెడకు పట్టీ వేసి, పలక మీదికి ఎక్కించి, తాళ్ల కింద నుంచి నెమ్మదిగా దింపారు. ఆ పది నిమిషాలూ ఎవరూ ఆ మూల వైపు గుడ్లప్పగించి చూడలేదు. చూడకుండా అతను చేశాడు. "అమ్మా, ఆయన కావాలనే తిడుతున్నాడు" అని మీ మనవడు నా చెవిలో అన్నాడు.

నాన్నగారూ, నాకు ఏ రాత్రి గుర్తుకు వచ్చిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెనాలి అవతల ఆ పల్లెలో రాయబారం సీనుకు ముందు, కృష్ణుడి వేషధారి జ్వరంతో తెర వెనక సొమ్మసిల్లిపోయాడు. రెండో కృష్ణుడు ఇంకా బస్సు దిగలేదు. జనం ఈలలు మొదలుపెట్టారు. మీరు ఆ అద్దె కిరీటం సర్దుకుని ఒక్కరే రంగస్థలం మీదికి వెళ్లి, హార్మోనియం ఆయనకు కనుసైగ చేసి, నాటకంలో ఎక్కడా లేని దుర్యోధనుడి గర్వాన్ని అరగంట సేపు పాడారు, మాట్లాడారు, ఆ ఊరి మునసబు మీసాన్నీ, ఆ ఊరి చెరువు నీళ్లనూ వెక్కిరించారు. వాళ్లు మీ మీద వేరుశనగ తొక్కలు విసిరారు. నేను తెర పక్కన అమ్మ ఒళ్లో కూర్చుని ఏడ్చాను, మిమ్మల్ని నిజంగానే కొడుతున్నారని. మర్నాడు పొద్దున మీరు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగితే, ఆ ఇంటి ముసలమ్మ "ద్రౌపదమ్మను అంత మాటన్న నోట్లో నా మజ్జిగ పొయ్యను" అని చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మీకు కోపం వచ్చిందనుకున్నాను. బస్సులో గుంటూరు వచ్చేదాకా మీరు ఆ మాటను అమ్మకు మూడుసార్లు చెప్పి చెప్పి నవ్వారు.

ఆ పోటీ గెలుపు ఎవరిదని రిఫరీ ప్రకటించాడో నాకు గుర్తు లేదు. పెద్దమనిషి తన చెయ్యి తనే ఎత్తుకుని, తిట్లు తింటూ లోపలికి నడిచాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆ పట్టీ ఉన్న మోకాలు అతనికి సహకరించలేదు. విరామంలో అతని బల్ల దగ్గరికి వెళ్లాం. అక్కడ అతను తప్ప ఎవరూ లేరు. హీల్ దగ్గర టీ షర్టు కొనడానికి జనం మొహమాటపడతారు. మీ మనవడి వైపు ఉరిమి చూసి, "ఆ టోపీ ఎవడు కొనిచ్చాడు, వాడి మీద కేసు పెట్టు" అన్నాడు. వీడు పొంగిపోయాడు. నేను గొంతు తగ్గించి ఆ కుర్రాడెలా ఉన్నాడని అడిగితే, అటూ ఇటూ చూసి, తనూ గొంతు తగ్గించి, "చేతులూ కాళ్లూ కదిలిస్తున్నాడమ్మా, భుజం ఎముక జారింది, ఆసుపత్రికి వెళ్లాడు, నేనూ ఈ బల్ల సర్దేసి వెళతాను" అన్నాడు. వారమంతా బడి బస్సు నడుపుతాడట. ఒక టీ షర్టు కొన్నాం, 20 డాలర్లు. దాని మీద అతని బొమ్మ కింద, నన్ను చూసి అరవండి అని రాసి ఉంది.

ఇక రెండు కోరికలు. వచ్చే నెలలో తమ్ముడి స్నేహితులు ఇక్కడికి వస్తున్నారట. ఆ ట్రంప్ కార్డుల కట్ట హార్మోనియం పెట్టె వెనక ఇంకా ఉంటే వాళ్లతో పంపించండి, గోంగూర పచ్చడి సీసా పక్కన పట్టేంతే ఉంటుంది. రెండోది, ఆ రాత్రి మీరు అప్పటికప్పుడు అల్లి పాడిన ఆ గర్వపు పద్యాల్లో గుర్తున్నవి ఏవైనా తమ్ముడి ఫోనులో పాడి పంపండి. మీ మనవడికి ఆ కథంతా చెప్పాను, వినాలని పట్టు పట్టాడు. అయితే ఒక మాట ముందే చెబుతున్నాను, మీరు పాడుతున్నంత సేపూ వాడు ఇక్కడ "బూ" అని అరుస్తాడు. కోప్పడకండి.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి