ఒరిస్సా జయపురం నుంచి విశాఖకు

అమ్మలూ,

ఫోన్ చేస్తే నీకు క్లాసు టైమైపోతుంది, నాకు షాపులో బేరం వచ్చి పడుతుంది. అందుకే ఈ ఉత్తరం. హాస్టల్లో నిన్ను "ఒరిస్సా పిల్ల" అంటున్నారనీ, వైజాగ్‌లో బీచి, మాల్స్ తప్ప చూడ్డానికేం లేదనీ అన్నావు కదా.

నువ్వు రోజూ వెళ్లే సైన్స్ కాలేజీ ఎవరి పేరు మీదుందో చూశావా? మన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి పేరు మీద. 1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంకా నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఆయన ఏటా లక్ష రూపాయలిచ్చారు. అప్పట్లో లక్షంటే మాటలా! తెలుగులోనూ ఒరియాలోనూ పండితుడాయన. ఈసారి ఎవరైనా ఆ మాటంటే, "అవును, మా రాజుగారి కాలేజీలోనే చదువుతున్నా" అను.

సింహాచలం సంగతీ అంతే. ఇప్పుడున్న గుడి చాలావరకు 13వ శతాబ్దంలో ఒరిస్సా నేలిన గంగవంశపు రాజు నరసింహదేవుడి చలవ. కోణార్క్ కట్టించిందీ ఆయనే. దర్శనం కాగానే ప్రసాదం కౌంటరుకి పరుగెత్తకు, గోడల దగ్గర కాసేపు ఆగు. తెలుగు శాసనాలతో పాటు ఒరియావీ ఉన్నాయి. పాత లిపి, గబగబా చదవలేవు గానీ, రెండు అక్షరాలూ వచ్చినదానివి, ఒకటో రెండో పోల్చుకోగలవు. మీ హాస్టల్లో ఎంతమందికి వస్తుందేం ఆ పని?

మన స్టేషన్ మీదుగా పోయే ఇనపరాయి గూడ్సులు చిన్నప్పుడు లెక్కపెట్టేదానివి. బైలడిల్లా గనుల నుంచి అవి దిగేది మీ వైజాగ్ రేవుకే. ఆ వైపు పాత ఊరు చూడందే వైజాగ్ చూసినట్టు కాదని నా లెక్క. హార్బర్ దగ్గర మూడు గుట్టల మీద వెంకన్న గుడి, దర్గా, చర్చి ఉంటాయి. ఒక పూటలో మూడూ ఎక్కి దిగొచ్చు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే. అమ్మవారికి పసుపు కుంకుమ మన చేత్తో మనమే పెట్టొచ్చు, అదే నాకు నచ్చింది. మార్గశిర గురువారాలు మాత్రం వెళ్లకు, ఇసకేస్తే రాలదు.

బీచిరోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి టిక్కెట్టు దండగ అనుకోకు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిందది. 71 యుద్ధం కూడా చూసింది. లోపల గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. పడుకునే బల్లలు చూస్తే నీ హాస్టల్ మంచం మీద ఇంకెప్పుడూ ఫిర్యాదు చెయ్యవు. మీ అమ్మయితే నాలుగడుగులేసి "ఊపిరాడట్లేదు" అని వెనక్కి తిరిగింది. కైలాసగిరి నాకంత ఆనలేదు, రోప్‌వే సరదా ఉంటే ఓసారి వెళ్లు.

ఆర్కే బీచిలో మోకాళ్లు దాటి దిగొద్దు. అక్కడ అల లాగితే ఈత వచ్చినవాళ్లకీ కష్టమే. నీకసలు ఈతే రాదు. గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తిను. మనం మూఢీ అనే మరమరాలే, వాళ్లు కాస్త నిమ్మకాయ ఎక్కువ పిండుతారు.

దసరాకి వచ్చేటప్పుడు సాలూరు ఘాటీ బస్సు వద్దు, మలుపుల్లో నీకు వాంతులు. పొద్దున కిరండూల్ పాసింజర్ ఎక్కు. లేటైతే అవనీ, అరకు లోయ చూసుకుంటూ వస్తావు.

ఇంకో గొడవుంది. నాయనమ్మ సింహాచలం వస్తే నిజరూప దర్శనానికే వస్తానని పట్టుబట్టింది. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి అక్షయ తదియ ఒక్కరోజే అలా కనిపిస్తాడు, కాదనను. కానీ ఆ మోకాళ్లతో అంత క్యూలో ఎలా నిలబడుతుంది? మామూలు రోజు చాలని నువ్వు చెప్పి చూడు. నా మాట చెవిన పెట్టదు, నువ్వంటే వింటుంది.

మీ నాన్న